పులి దూకుతుందని మేకకి ముందే తెలియాలి

పులి–మేక ఆట మనలో చాలామందికి తెలిసిందే. కొన్ని ఊళ్లలో పులిజూదం అంటారు. పాత గుళ్ల అరుగుల మీద రాతిలో చెక్కిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి లేకపోతే గచ్చు మీద సుద్దముక్కతో గీసుకున్నా సరిపోతుంది. ఒకరి దగ్గర 3 పులులు, ఇంకొకరి దగ్గర 15 మేకలు. ఇద్దరికీ ఉమ్మడి రూలు ఒక్కటే: గీత వెంబడి పక్కనున్న ఖాళీ చోటికి జరగాలి. ఆ రూలుని పులి తప్పుతుంది. పక్కన మేక ఉండి, దాని వెనకాల అదే గీతలో ఖాళీ ఉంటే, మేక మీంచి దూకి దాన్ని తినేస్తుంది. మేకలకీ ఒక మినహాయింపు ఉంది, కాకపోతే అది వాటికి నష్టం: 15 మేకలూ బరిలోకి దిగేదాకా ఒక్క మేక కూడా కదలకూడదు. గెలుపు కూడా ఎవరిది వాళ్లదే. పులి తిని గెలుస్తుంది, మేకలు చుట్టుముట్టి గెలుస్తాయి.

ఇంత తేడా ఉన్న ఆటని రూల్‌బుక్ అనేదే లేకుండా తరతరాలుగా పిల్లలు నేర్చుకున్నారు. ఇప్పుడు మనవాళ్లు ఫెస్ట్ కోసమో, గేమ్ జామ్ కోసమో ఒక స్ట్రాటజీ గేమ్ తయారుచేసి, పేజీలకి పేజీలు పీడీఎఫ్ ఇచ్చినా, ఆడేవాళ్లు మధ్యలో ఆపి "అదేంటి, నువ్వక్కడికి ఎలా వచ్చావ్?" అని అడుగుతూనే ఉంటారు. ఈ పాఠం ఆ ఒక్క ప్రశ్న గురించి.

ముందు ఒక మాట సర్దుబాటు

ఫ్యాక్షన్ అనగానే మనకి టాటా సుమోలు, ఎర్రమట్టి దుమ్ము గుర్తొస్తాయి. గేమ్ డిజైన్‌లో ఆ మాటకి అర్థం వేరు. ఆటలో ఒక ఆటగాడు ఎంచుకునే జట్టు, దాని బలగం, దానికి మాత్రమే ఉన్న పద్ధతులు, అన్నీ కలిపి ఫ్యాక్షన్. ఇక్కడ "పక్షం" అందాం. ఒకే ఆటలో ఒక్కో పక్షానికి ఒక్కో రకం రూళ్లు ఉంటే దాన్ని అసమాన ఆట అంటారు. పులి–మేక అలాంటిదే. చదరంగం కాదు. గుర్రం దూకుతుంది నిజమే, కానీ తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ గుర్రాలు ఒకటే.

పక్షం రూలు తప్పడం మూడు రకాలుగా ఉంటుంది.

ఒకటి, అదనపు శక్తి: మిగతావాళ్లు చెయ్యలేనిది ఈ పక్షం చేస్తుంది. పులి దూకడం ఇదే.

రెండు, నిషేధం: మిగతావాళ్లు చేసేది ఈ పక్షం చెయ్యలేదు. మేక కదలకపోవడం ఇదే.

మూడు, తిరగబడ్డ అర్థం: పని అదే, పేరు అదే, ఫలితం మాత్రం వేరు. మూడింట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఎందుకంటే ఎదుటివాడికి అది కొత్త రూలులా కనిపించదు. తనకి తెలిసిన పనే చేస్తున్నాననుకుంటాడు.

రూట్: 16 రకాల పాచికల లెక్క

ఈ మూడో రకానికి మంచి ఉదాహరణ రూట్ అనే బోర్డ్ గేమ్. కోల్ వెర్లీ రూపొందించాడు, బొమ్మలు కైల్ ఫెరిన్ వేశాడు, లెడర్ గేమ్స్ 2018లో విడుదల చేసింది. అడవిలో 12 ఖాళీ స్థలాలు, మామూలుగా 30 పాయింట్లు ముందు చేరినవాళ్లదే గెలుపు. మొదటి డబ్బాలో నాలుగు పక్షాలుంటాయి: పిల్లుల సేన మార్కీజ్ డి క్యాట్, పక్షుల రాజవంశం ఐరీ, తిరుగుబాటుదారుల వుడ్‌ల్యాండ్ అలయన్స్, ఒంటరి సంచారి వ్యాగబాండ్.

ఉమ్మడి రూళ్లలో మూడు చూద్దాం. ఒక స్థలంలో సైనికులూ కట్టడాలూ కలిపి ఎవరివి ఎక్కువుంటే ఆ స్థలం వాళ్ల ఏలుబడిలో ఉన్నట్టు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవాలంటే బయల్దేరే చోటుగానీ, చేరే చోటుగానీ మీ ఏలుబడిలో ఉండాలి. యుద్ధంలో రెండు పాచికలు వేస్తారు, ఒక్కోదాని మీద 0 నుంచి 3 దాకా అంకెలు సమానంగా ఉంటాయి. పెద్ద అంకె దాడి చేసినవాడిది, చిన్న అంకె కాచుకున్నవాడిది. ఎవరికి వచ్చిన అంకెని బట్టి అన్ని దెబ్బలు, అయితే అక్కడున్న తన సైనికుల సంఖ్యని దాటకూడదు.

ఇప్పుడు తప్పేవాళ్లని చూడండి. సమానంగా ఉంటే మామూలుగా ఎవరి ఏలుబడీ కాదు, కానీ పక్షులు అక్కడ ఉంటే వాళ్లదే ఏలుబడి. వ్యాగబాండ్ ఏలుబడితో పనిలేకుండా తిరుగుతాడు. అలయన్స్ మీద ఎవరైనా దాడి చేస్తే అంకెలు తారుమారు: పెద్దది కాచుకున్న అలయన్స్‌ది, చిన్నది దాడి చేసినవాడిది.

ఈ చివరిది లెక్క వేద్దాం, ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా. రెండు పాచికలకి 16 జతలు సమాన అవకాశంతో వస్తాయి. పెద్ద అంకె 3 అయ్యే జతలు 7, 2 అయ్యేవి 5, 1 అయ్యేవి 3, 0 అయ్యేది 1. సగటు 34/16, అంటే 2.125. రెండు పాచికల మొత్తం సగటు 3 కాబట్టి చిన్న అంకె సగటు 0.875. అంటే సైనికుల పరిమితిని పక్కన పెడితే, మామూలు దాడిలో మీరు రెండుకి పైగా కొట్టి ఒకటి కన్నా తక్కువ తింటారు. అలయన్స్ మీద దాడిలో ఒకటి కన్నా తక్కువ కొట్టి రెండుకి పైగా తింటారు.

పిల్లుల ఆటగాడు 3 సైనికులతో, అలయన్స్ సైనికులు 2 ఉన్న చోటు మీద పడ్డాడనుకుందాం. పాచికలు 3, 1 పడ్డాయి. ఇంకెవరి మీదైనా అయితే ఎదుటి ఇద్దరూ పోయి, తన వాళ్లలో ఒకడు పోయేవాడు. ఇక్కడ పెద్ద అంకె అలయన్స్‌ది. వాళ్లు ఇద్దరే కాబట్టి 2 దెబ్బలే పడతాయి. పిల్లులు ఇద్దర్ని పోగొట్టుకుని ఒక్కణ్ణే తీస్తాయి. పాచికలు అవే, ఫలితం తలకిందులు.

అతను ఓడింది ఆలోచన లేక కాదు. ఆలోచించాడు, లెక్క కూడా సరిగ్గానే వేశాడు. అతని చేతిలో పెట్టిన సూత్రమే అక్కడ పనికిరానిది. స్ట్రాటజీ ఆటలో ఇది చిన్న విషయం కాదు. "నా నిర్ణయం వల్ల గెలిచాను, నా నిర్ణయం వల్ల ఓడాను" అనే నమ్మకం మీదే ఇలాంటి ఆట నిలబడుతుంది. ఆ నమ్మకం మొదటి ఆటలోనే పోతే రెండో ఆటకి మనిషి రాడు. పిలిచినా "మీరాడండి, నేను చూస్తాను" అంటాడు.

అట్ట ఎవరి వైపు తిరిగి ఉంది?

రూట్ వాళ్లు ఈ సమస్యని పట్టించుకోలేదని కాదు. ఒక్కో పక్షానికి ఒక అట్ట ఉంటుంది, దాని మీద ఆ పక్షం వంతు మూడు భాగాలుగా, వరసగా ఏం చెయ్యాలో అచ్చేసి ఉంటుంది. పక్షానికున్న ప్రత్యేక గుణాలు కూడా అక్కడే ఉంటాయి. రూల్‌బుక్కులు కూడా రెండు: ఒకటి నేర్చుకోవడానికి, ఇంకోటి "లా ఆఫ్ రూట్" పేరుతో వివాదం వచ్చినప్పుడు తీర్పు చూసుకోవడానికి. చెక్క బొమ్మలు పక్షానికొక ఆకారంలో ఉంటాయి. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే.

కానీ ఒకటి గమనించండి. ఆ అట్ట ఎవరి ముందుంటుంది? ఆ పక్షం ఆడేవాడి ముందు. ఎదురుగా కూర్చున్నవాడికి అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. అలయన్స్ ఆడేవాడికి తన గుణం బాగా తెలుసు. తెలియాల్సిందేమో దాడి చెయ్యబోయే పిల్లికి.

ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: రూలు తప్పే పక్షం గురించి ఎక్కువగా తెలియాల్సింది దాన్ని ఆడేవాడికి కాదు, దాని చేతిలో దెబ్బ తినబోయేవాడికి. అది కూడా నిర్ణయం తీసుకునే క్షణానికి ముందే.

పులి–మేకలో ఇది దానంతటదే జరిగిపోయింది. మేకలాడేవాడు మొదట నేర్చుకునేది మేక ఎలా కదులుతుందని కాదు, పులి ఎలా దూకుతుందని. పేరులోనే రూలుంది, పులి మేకని తింటుందని వేరే చెప్పక్కర్లేదు. ముక్కల్లోనూ తేడా ఉంటుంది, చింతపిక్కలు మేకలైతే కాస్త పెద్ద రాళ్లు పులులు. ఆట అయ్యాక పక్షాలు మార్చుకుంటారు కాబట్టి రెండు వైపులా తెలుస్తుంది.

వేరే ఆటలు ఏం చేశాయి

స్టార్‌క్రాఫ్ట్ 1998లో వచ్చింది. మూడు జాతులు, మూడు రకాల కట్టడం. జెర్గ్ కట్టడాలు దాదాపు అన్నీ క్రీప్ అనే ఊదారంగు పొర మీదే లేస్తాయి, పైగా కట్టిన డ్రోన్ ఆ కట్టడంగా మారిపోతుంది, మళ్లీ మిగలదు. ప్రోటాస్ కట్టడాలు చాలావరకు పైలాన్ ఇచ్చే శక్తి పరిధిలోనే పనిచేస్తాయి. టెర్రన్ కట్టడాలు కొన్ని ఏకంగా గాల్లోకి లేచి వేరే చోట దిగుతాయి. ఈ మూడూ పెద్ద మినహాయింపులే. అయినా చూసేవాడికి గందరగోళం తక్కువ, ఎందుకంటే రూలు నేల మీదే గీసి ఉంది. క్రీప్ ఎక్కడిదాకా పాకిందో శత్రువుకీ కనిపిస్తుంది. పైలాన్ పగిలితే దాని మీద ఆధారపడ్డ కట్టడం పని ఆగిపోతుంది, ఆ ఆగిపోవడం కూడా తెర మీద తెలుస్తుంది. ఇందులో పాఠం: మినహాయింపు ఎక్కడ పనిచేస్తుందో అక్కడే గుర్తు పెట్టాలి.

కాస్మిక్ ఎన్‌కౌంటర్ ఇంకా పాతది, 1977 నాటిది. అందులో ప్రతి గ్రహాంతర జాతీ ఏదో ఒక రూలు తప్పుతుంది. 2008లో ఫ్యాంటసీ ఫ్లైట్ తెచ్చిన ముద్రణలో ప్రతి జాతి కార్డు మీదా ఆ శక్తి వంతులో ఏ దశలో వాడొచ్చో గుర్తుంటుంది, తప్పనిసరో ఐచ్ఛికమో రాసి ఉంటుంది, జాతి ఎంత చిక్కుగా ఉంటుందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చెప్తారు. ఇందులో పాఠం: "ఏం చేస్తుంది" ఒక్కటే చాలదు, "ఎప్పుడు చేస్తుంది" కూడా చెప్పాలి.

సివిలైజేషన్ 5లో 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణ వెనిస్‌ని తెచ్చింది. ఊళ్లు కట్టుకుంటూ విస్తరించే ఆటలో వెనిస్‌కి కొత్త ఊరు స్థాపించే సెట్లర్లే ఉండరు. బదులుగా వర్తక మార్గాలు రెట్టింపు, పైగా మర్చంట్ ఆఫ్ వెనిస్ అనే మనిషిని పంపి స్వతంత్ర నగర రాజ్యాన్ని కొనేసుకోవచ్చు. నిషేధం, దానికి పరిహారం రెండూ ఒకే చోట చెప్పడం బాగుంది. కానీ ఆ వివరణ వెనిస్‌ని ఎంచుకునేవాళ్ల కోసం రాసింది. పక్క దేశం ఆడేవాడికి కావాల్సిన వాక్యం వేరు: "మీరు బంగారం పోసి మంచి చేసుకుంటున్న నగర రాజ్యాన్ని వెనిస్ కొనేసుకోవచ్చు, జాగ్రత్త."

మూడు ముక్కల కార్డు

ఇక మన ఆటలకి వద్దాం. ప్రతి మినహాయింపునీ ఈ అచ్చులో రాసి చూడండి:

సాధారణంగా ... / కానీ ఈ పక్షం ... / కాబట్టి మీరు ...

మూడో ముక్కలో "మీరు" అంటే ఎదుటివాడు. చాలా రూల్‌బుక్కుల్లో లేనిది ఆ ముక్కే.

ఊహకి ఒక ఆట అనుకుందాం. మ్యాపు మీద తొమ్మిది ఊళ్లు, మధ్యలో ఒక ఏరు. రైతులు, వర్తకులు, దొంగలు అని మూడు పక్షాలు. ఊరి నుంచి ఊరికి ధాన్యం బస్తాలు చేరవెయ్యాలి. దొంగల గురించి మొదటి ప్రతిలో ఇలా రాసి ఉంది:

"దొంగలకి కదలికపై సాధారణ పరిమితులు వర్తించవు."

వాక్యంలో తప్పు లేదు. కానీ చదివినవాడికి దక్కింది సున్నా. ఏ పరిమితులు? ఎప్పుడూ వర్తించవా? అయితే నాకేంటి? ఇప్పుడు అచ్చులో పెడదాం:

"సాధారణంగా: బాట ఉంటేనే పక్క ఊరికి వెళ్లాలి. కానీ దొంగలు: ఏటి ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఏటి ఒడ్డునే ఉన్న ఏ ఊరికైనా ఒక్క ఎత్తులో వెళ్లొచ్చు. కాబట్టి మీరు: ఏటి ఒడ్డు ఊళ్లో బస్తా దించితే, దొంగ ఎంత దూరంలో ఉన్నా సరే, కాపలా పెట్టుకోండి."

ఆ తరవాత ఇదే విషయాన్ని బొమ్మలోకి దించండి. ఏటి ఒడ్డు ఊళ్లకి నీలం వలయం, దొంగ ముక్కకి పడవ ఆకారం. రెండో ఆటకల్లా కార్డు చూడక్కర్లేదు. పక్షం పేరు కూడా "దొంగలు" బదులు "పడవ దొంగలు" అంటే సగం రూలు పేరే చెప్పేస్తుంది.

ఇంకో జాగ్రత్త. తిరగబడ్డ అర్థం రకం మినహాయింపు ఉంటే పాత మాటని వాడకండి. వర్తకుల "కాపలా" దొంగని ఆపకుండా, పోయిన బస్తాకి డబ్బు మాత్రం తిరిగి ఇస్తుందనుకోండి, దాన్ని కాపలా అనొద్దు. "బీమా" అనండి. ఒక మాటకి ఆట మొత్తంలో ఒకటే అర్థం ఉండాలి. ప్రోగ్రాం రాసేటప్పుడు ఒకే పేరుతో రెండు వేరియబుల్స్ పెట్టుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు.

"అన్నీ చెప్పేస్తే మజా ఏముంటుంది?"

ఈ మాట తప్పకుండా వస్తుంది. జవాబు ఇది: రూలు వేరు, ఉద్దేశం వేరు. పులి దూకగలదని మేకకి తెలుసు, ఏ పులి ఎటు వస్తుందో తెలీదు. ఉత్కంఠ అంతా ఆ రెండో దాంట్లోనే ఉంది. రూట్‌లో అలయన్స్ మద్దతుదారుల కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి, అవేంటో మిగతా ఆటగాళ్లు చూడకూడదు. కానీ ఆ కార్డులతో తిరుగుబాటు లేవదియ్యొచ్చన్న రూలు అందరిదీ. కార్డులు దాచండి, ఎత్తులు దాచండి, రూలు మాత్రం దాచకండి.

రెండో అభ్యంతరం కాస్త గట్టిది: నాలుగు పక్షాల రూళ్లన్నీ అందరూ నేర్చుకోవాలంటే ఆట మొదలయ్యేసరికి రాత్రవుతుంది. నిజమే. అందుకే అన్నీ చెప్పక్కర్లేదు, ఎదుటివాడికి తగిలేది మాత్రం చెప్పాలి. రూట్‌కి అయితే ఈ నాలుగు ముక్కలతో మొదలుపెట్టొచ్చు:

పిల్లులు: అడవిలో దాదాపు అంతటా ముందే ఉన్నారు, కట్టినకొద్దీ పాయింట్లొస్తాయి. వాళ్లని తీరిగ్గా కట్టుకోనివ్వకండి.

పక్షులు: వాళ్ల శాసనంలో ప్రతి వంతుకీ కార్డులు పెరుగుతాయి, అందులో ఉన్న పనులన్నీ చేసి తీరాలి. ఒక్కటి చెయ్యలేకపోయినా కల్లోలం, పాయింట్లు పోయి శాసనం ఖాళీ అవుతుంది. ఆ ఒక్క పనిని అడ్డుకునే దారి వెతకండి.

అలయన్స్: వాళ్ల సానుభూతి బిళ్ల ఉన్న చోటికి సైనికుల్ని నడిపిస్తే మీ చేతిలోంచి కార్డు ఇచ్చుకోవాలి. దాడి చేస్తే పెద్ద పాచిక వాళ్లది.

వ్యాగబాండ్: సైన్యం లేదు, ఎక్కడికైనా వస్తాడు. కొడితే మనిషి పోడు, సంచిలో వస్తువులు పాడవుతాయి.

ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మిగతాది ఆడుతుంటే వస్తుంది.

అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

"అర్థమైందా?" అని మాత్రం అడగకండి. క్లాసులో ఆ ప్రశ్నకి మనమంతా ఏం చెప్తామో మనకి తెలుసు. బదులుగా ఆట మధ్యలో ఆపి, ఒక పక్షం వైపు చూపించి, ఎదుటివాణ్ణి అడగండి: "వచ్చే వంతులో ఇతను నీకు చెయ్యగలిగిన పెద్ద నష్టం ఏంటి?" సరిగ్గా చెప్తే మీ కార్డు పనిచేస్తోంది. తప్పు చెప్తే, వివరించడం మొదలుపెట్టకుండా అతను చెప్పిన మాట యథాతథంగా రాసుకోండి. అతను ఏ ఉమ్మడి రూలుని నమ్ముకుని ఆ జవాబు చెప్పాడో చూస్తే, కార్డులో ఏ ముక్క బలహీనంగా ఉందో తెలిసిపోతుంది.

ఒక సంగతి మర్చిపోవద్దు. ఆట తయారుచేసినవాడు పక్కనుంటే ఈ పరీక్ష చెల్లదు. మన మొహం చూసే సగం జవాబు పట్టేస్తారు. అట్టలు, కార్డులు ఇచ్చేసి దూరంగా కూర్చోండి.

అభ్యాసం

పులి–మేకకి మూడో పక్షం చేర్చండి: కాపరి. ఒకే ఒక్క కాపరి, ఒకే ఒక్క మినహాయింపు. అది అదనపు శక్తా, నిషేధమా, తిరగబడ్డ అర్థమా ముందు తేల్చుకోండి. మూడు ముక్కల కార్డు రెండు ప్రతులు రాయండి. ఒకదాంట్లో "మీరు" అంటే పులి ఆడేవాడు, ఇంకోదాంట్లో మేకలాడేవాడు. రెండు కార్డుల్లోనూ మూడో ముక్క ఒకేలా వచ్చిందంటే, కాపరి ఎవరి ఆటనైనా నిజంగా మారుస్తున్నాడా అని మళ్లీ ఆలోచించండి. తర్వాత ఈ ఆట ఎప్పుడూ ఆడని ఇద్దరు జూనియర్లకి ఇచ్చి, పైన చెప్పిన ప్రశ్న ఒక్కటే అడగండి. జవాబులు సరిగ్గా వచ్చేదాకా ఆటకి నాలుగో పక్షం చేర్చకండి.